తరైవిని కాలు, ఊరందరి మాత్రలు

తరైవిని గడప దగ్గర కూర్చుని ఏదైనా అడిగి, ఒట్టి చేతులతో లేచి వెళ్ళినవాళ్ళు వైనిసావు ఊళ్ళో ఒక్కరూ లేరు. ఉప్పు, చక్కెర, కిరసనాయిలు, పలుగు, గుడ్లు పెట్టే కోడి, చివరికి పెళ్ళినాడు ఆమె ఒంటికి చుట్టుకున్న బెరడు గుడ్డ, అన్నీ ఆ గడప దాటి వెళ్ళినవే. ఎవరైనా "కెరెకెరె" అని మాట మొదలుపెట్టారంటే ఆ దీవుల్లో ఇక చర్చ ఉండదు. అయినవాళ్ళు అడిగారు, ఇవ్వాలి. లేదనాలంటే నిజంగానే లేకపోవాలి. ఉంచుకుని లేదన్న మనిషిని ఊరు ఏమీ అనదు. భయమంతా అక్కడే. ఒక్క మాట కూడా అనకుండా ఆ ఇంటికి వెళ్ళడం మానేస్తుంది.

ఫిజీలో, లోమైవితి దీవుల్లో, ఒక చిన్న దీవికి గాలి కొట్టే వైపున ఉంది ఆ ఊరు. ముందు పగడపు దిబ్బ, వెనక కొండ, మధ్యలో రేకుల ఇళ్ళూ చర్చీ. రోడ్డు లేదు. ఎక్కడికి పోవాలన్నా పడవే. ఊరంతా చుట్టాలు, ఊరంతా తెరిచిన తలుపులు. పట్టపగలు తలుపు మూసి ఉందంటే లోపల ఎవరికో ఏదో అయిందనే లెక్క.

తరైవిని పని చాపలల్లడం. మొగలాకు కోసి, ముళ్ళు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, గవ్వతో గీకి మెత్తన చేసి, సన్నగా చీల్చుకుని, నేల మీద కాళ్ళు పక్కకి మడిచి కూర్చుందంటే ఇక లేచేది చీకటి పడ్డాకే. పెళ్ళైనా చావైనా ఆమె చాప పరవకుండా ఆ ఊళ్ళో జరగదు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆమె సంసారమంతా ఆ పదివేళ్ళ మధ్యే ఉంది.

ఆమె తల్లి ఇంకా గొప్ప పనిమంతురాలు. షుగరు వచ్చి, బొటనవేలి మీద పుండు లేచి, అదే మానుతుందిలే అనుకుని, చివరికి పట్నం ఆసుపత్రికి వెళ్ళి మోకాలి కింద కాలు లేకుండా తిరిగొచ్చింది. ఆ ఊళ్ళో బతుకంతా నేల మీదే నడుస్తుంది. తిండీ ప్రార్థనా అల్లికా కబుర్లూ అన్నీ కిందే. తల్లికి కిందికి దిగి కూర్చోవడం, మళ్ళీ లేవడం కుదరక, గోడ పక్కన ఒక బల్ల చేయించి దాని మీద కూర్చోబెట్టారు. అందరూ కింద, ఆమె ఒక్కతే పైన. చేతులు నిక్షేపంగా ఉన్నాయి, చాప మాత్రం అందలేదు. పోయేదాకా ఆ బల్ల మీదే కూర్చుని మిగతావాళ్ళ అల్లికలో తప్పులు చెబుతూ ఉండేది. తర్వాత కూతురికీ షుగరు వచ్చింది. బల్ల ఇంకా ఆ గోడ పక్కనే ఉంది. తరైవిని దాని మీద ఎండిన ఆకు చుట్టలు పేరుస్తుంది తప్ప ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆ ఏడు గాలులు ముందే మొదలయ్యాయి. సముద్రం వెనక్కి తీసిన ఒక ఉదయం గవ్వలేరుకుందామని దిబ్బ మీదికి వెళ్ళిన తరైవినికి కాలు జారింది. పగడం పిక్క కింద గీరింది. గీతంత గాయం. ఆకుపసరు పిండి, గుడ్డ చుట్టి, పనిలో పడింది. కాలు మొదట వెచ్చబడింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత ఉబ్బింది. జ్వరం తగిలాక కూడా ఎవరికీ చూపించలేదు. కాలు చూపించాలంటే ఆ బల్ల గుర్తొచ్చేది.

పట్టుకున్నది ఉనైసి. ఉనైసి ఆమె ఆడపడుచు, పోయిన మొగుడి చెల్లెలు. వదినా మరదళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఒకరి ఇంట్లోవి ఇంకొకరు అడక్కుండా ఎత్తుకుపోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. ఈ విషయంలో ఆ దీవులవాళ్ళకీ మనకీ పెద్ద తేడా ఏం లేదు.

"ఏంటి వదినా, ఈ కాలిని పెళ్ళి విందుకి మేపుతున్నావా?" అంది ఉనైసి పావడా అంచు ఎత్తి చూసి. "పెదనాన్న మనవరాలి పెళ్ళి వచ్చే నెల కదా. అప్పటికి పందికన్నా ఇదే బలుస్తుంది. లే, పద."

పడవ ఉనైసి మొగుడు సకియుసాది. వరసకి అతను తరైవినికి అన్న. అన్నాచెల్లెళ్ళ వరస ఉన్నవాళ్ళు పెద్దయ్యాక ఎదురెదురుగా మాట్లాడుకోరు. అది మర్యాద. పక్కపక్క ఇళ్ళలో ఇన్నేళ్ళు బతికి, ఒకరి కష్టానికి ఒకరు నిలబడి కూడా, ఆ ఇద్దరూ నేరుగా ఒక్క మాట అనుకుని ఎరగరు. ఉనైసి మధ్యలో కూర్చునేది. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ ఆమే మోసేది, దారిలో తన మసాలా కొంత కలిపి.

కొండకొమ్ము చుట్టి అవతలి ఊరికి వెళితే అక్కడుంది ఆసుపత్రి. ఒక గది, ఒక మంచం, ఒక నర్సు. నర్సు మెరెసెయిని చిన్నపిల్ల, ఆ దీవి పిల్లే, నవ్వు మాత్రం తక్కువ. కాలు చూసి, షుగరు చూసి, ఇంకే మందులు వాడుతున్నావని అడిగి, ఇంతకుముందు ఏ మందైనా పడక దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం జరిగిందా అని గుచ్చి గుచ్చి అడిగింది. లేదని తేల్చుకున్నాక నీలం పెన్ను తీసి ఎర్రబడిన చోటు చుట్టూ చర్మం మీదే గీత గీసింది, పటం మీద దీవి అంచు గీసినట్టు.

ఆపైన చిన్న ప్లాస్టిక్ సంచీలో రెండు రంగుల గొట్టం మాత్రలు పోసి ఇచ్చింది. రోజుకు నాలుగుసార్లు, అన్నానికి చాలా ముందు, ఖాళీ కడుపుతో, నిండు గ్లాసు నీళ్ళతో. తగ్గినట్టు అనిపించినా సరే, సంచీ ఖాళీ అయ్యేదాకా ఆపకూడదు. ఒకటి మరిచిపోతే తర్వాత రెండు కలిపి మింగకూడదు. దాచుకోకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు.

"ఎరుపు ఈ గీత దాటినా, జ్వరం తిరగబెట్టినా వెంటనే బయలుదేరాలి. దద్దుర్లొచ్చినా మొహం వాచినా మందు ఆపేసి అప్పుడే బయలుదేరాలి. రేపు చూద్దాంలే అనుకోకండి," అంది.

తరైవిని అన్నిటికీ తలూపింది. ఆ తలూపుడు సంగతి మెరెసెయినికి తెలుసు.

"సరే అత్తా, ఊపుతున్నారు. ఇంటికెళ్ళాక ఎవరైనా కెరెకెరె అంటే ఏం చెప్తారు?"

"నేనైతే అడగను," అంది వెనక నుంచి ఉనైసి. "నేరుగా తీసుకుపోతాను."

ముగ్గురిలో ఇద్దరు నవ్వారు.

మందు మింగడమే పెద్ద పనైంది తరైవినికి. ఆ ఊళ్ళో ఎవరైనా గుమ్మం ముందునుంచి నడిచి వెళుతుంటే లోపల తింటున్నవాళ్ళు "రా, తిందువుగాని" అని పిలుస్తారు. పిలవకపోతే తప్పు, పిలిస్తే కనీసం ఒక ముక్క నోట్లో వేసుకోకపోవడం ఇంకో తప్పు. బావి దగ్గరికి వెళ్ళివచ్చేలోపు నాలుగిళ్ళ కర్రపెండలం కడుపులో పడుతుంది. ఇక ఖాళీ కడుపు ఎక్కడ దొరుకుతుంది? పొద్దున చర్చిలో గంటకి బదులు కొట్టే దుంగ మోగకముందే లేచి ఒకటి మింగేది. మిగతావాటికి ఇంటి వెనకగా, అరటిచెట్ల చాటున నడిచేది, దొంగలాగ. అయినా మందు పనిచేసింది. జ్వరం దిగింది. ఎరుపు గీత నుంచి వెనక్కి తగ్గింది. మడిచి కూర్చుంటే నొప్పి ఉందిగానీ కూర్చోగలిగింది. ఆ సంతోషం పట్టలేక ఊరందరికీ చెప్పుకుంది. తెలివితక్కువ పని ఏదైనా చేసిందంటే మొదట అదే.

ఆ సాయంత్రమే ఉనైసి వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఈసారి వేళాకోళం లేదు.

"వదినా, కెరెకెరె. మీ అన్నయ్యకి పన్ను సలుపుతోంది, చెంప ఇంత లావున ఉబ్బింది. నీ గొట్టాలు రెండియ్యి."

నర్సు మాట గుర్తుంది తరైవినికి. చెబుదామనే నోరు తెరిచింది. కానీ తనని మోసుకెళ్ళిన పడవ ఆ మనిషిది. తన మొగుడు పోయినప్పుడు గొయ్యి తవ్వినవాడు, తుఫానుకి ఇంటి పైరేకులు లేచిపోతే మళ్ళీ వేసినవాడు, ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడి తనని ఏదీ అడగనివాడు. ఆమె వేళ్ళు ఆమెకన్నా ముందే సంచీ విప్పాయి.

రెండిచ్చాక మూడోది ఎందుకివ్వవో ఎవరికి చెప్పగలవు? మర్నాడు బోధకుడి భార్య వచ్చింది, దగ్గుకి. ఆమె తమ్ముడు వచ్చాడు, చేపముల్లు దిగిన అరచేతికి. ఎవరూ ఊరికే రాలేదు. చేపా, చేమదుంపలూ, ఆకుకూరా ఏదో ఒకటి చేతిలో పట్టుకునే వచ్చారు. ఇంట్లో దుంపలు పెరిగాయి, సంచీలో మందు తరిగింది. ఇక కితియోనే పెద్దాయన సంగతి వేరు. వంశానికి పెద్ద, మొగుడి పెదనాన్న, ఆయన మనవరాలి పెళ్ళికే ఇప్పుడీ చాపలు. ఆయన నోరు తెరిచి ఏదీ అడగడు. వచ్చి కూర్చున్నాడు, నిమ్మాకు టీ తాగాడు, గాలి సంగతి మాట్లాడాడు, మెడ మీది పుండు సవరించుకుని సంచీ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపే ఆజ్ఞ. తరైవిని వంగి రెండు చేతులతో ఇచ్చింది.

దాచి చూసింది. చాపల దొంతర కింద పెట్టింది, బైబిలు పెట్టెలో పెట్టింది. ఎక్కడ పెట్టినా వచ్చినవాళ్ళ ముందు ఆమె కళ్ళే అటు పోయి చెప్పేసేవి. ఒక మధ్యాహ్నం గుండె రాయి చేసుకుని తలుపు మూసింది. మూసి ఊపిరి పీల్చుకునేలోపే బయట నలుగురు చేరి, ఎవరికేమైందంటూ తలుపు బాదారు. తెరవక తప్పలేదు. కంగారు పడ్డవాళ్ళకి టీ పెట్టింది. వెళ్ళేముందు వాళ్ళలో ఒకామె ఎలాగూ వచ్చాను కదా అని ఒక గొట్టం అడిగి తీసుకువెళ్ళింది.

ఆ ఇంట్లో ఆమెకి ఊపిరాడలేదు. నాలుగువైపులా సముద్రం ఎలాగూ ఉంది. ఇప్పుడు నాలుగువైపులా ప్రేమ కూడా ఉంది, అది ఇంకా లోతు. ఇవ్వనంటే తను మనిషి కాదు, ఇస్తే కాలు తనది కాదు. చివరికి తనకి తనే ఒక అబద్ధం చెప్పుకుంది. కాలు బాగానే ఉంది కదా, ఇచ్చినవన్నీ మిగులే కదా అని. మిగిలిన కాసినీ ఎక్కువ రోజులు రావాలని నాలుగుసార్లది రెండుసార్లు చేసింది. తర్వాత పొద్దున మాత్రమే. తర్వాత అవీ అయిపోయాయి.

పెళ్ళి చాప కోసం ఆడవాళ్ళు ఆమె ఇంట్లోనే చేరారు. పెద్ద చాప, అంచుల్లో రంగు ఉన్ని కుచ్చులు. అందరూ పాడుతూ అల్లుతున్నారు. మధ్యాహ్నానికి తరైవినికి చలి పుట్టింది. అంత ఉక్కలో పళ్ళు కొట్టుకుంటుంటే వేళ్ళు తడబడి రెండు వరసలు తప్పు అల్లింది. పక్కామె నవ్వింది. తరైవిని నెమ్మదిగా పక్కకి తిరిగి పావడా అంచు ఎత్తింది. స్నానాలకి వెలిసిపోయినా నీలం గీత ఇంకా కనిపిస్తోంది. ఎరుపు దాన్ని దాటి మోకాలి వైపు పాకింది.

ఆమె గోడ పక్కనున్న బల్ల వైపు చూసింది. ఆకు చుట్టలు తీసేస్తే ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. ఒళ్ళంతా భయం నిండిపోయింది. తల్లి చివరి రోజుల్లో కిందికి చూస్తూ కూర్చున్న ఆ చూపు గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. అందరి ముందూ ఏడవలేక ఉన్ని తెస్తానని లేచింది.

బయట గాలి ఉగ్రంగా ఉంది. దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. పడవలన్నీ ఒడ్డుకి లాగి కొబ్బరిచెట్లకి కట్టేశారు. వాటిని చూస్తూ ఆమె ఉనైసి ఇంటివైపు కుంటుకుంటూ నడిచింది. దారిపొడుగునా "రా, తిందువుగాని" అని పిలుస్తూనే ఉన్నారు.

ఇవ్వననడం తప్పైతే, ఇచ్చింది తిరిగి అడగడం అంతకు పదింతల తప్పు. ఉనైసి గడప దగ్గర కూర్చుని ఆ మాట అనడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. ఉనైసి వేళాకోళం చేస్తుందనుకుంది. చెయ్యలేదు. కాలు చూసి, లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"ఇందులో ఉంటాయి. ఎన్ని కావాలంటే అన్ని తీసుకో, అన్నీ తీసుకో," అంది. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

మూత తీస్తే నిండా మందులే. ఊళ్ళో ఎవరికి ఏ మందు మిగిలినా ఉనైసి అడిగి పుచ్చుకుని అందులో వేసేది. ఎవరికి ఏ నొప్పి వచ్చినా అందులోంచి తీసి ఇచ్చేది. తెల్లవి, గులాబివి, విరిగినవి, చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయినవి. రెండు రంగుల గొట్టాలు కూడా ఉన్నాయి, చాలానే. కొన్నిటి రంగు కాస్త ముదురు, కొన్నిటిది లేత. తనవి ఏవో, ఏ ఊరినుంచి ఎవరు ఎప్పుడు ఏ జబ్బుకి తెచ్చినవి ఏవో, ఎవరికి తెలుస్తుంది? తరైవిని ఒక గొట్టాన్ని వేళ్ళతో తీసింది.

"రంగు అదేగా, మింగు వదినా," అంది ఉనైసి నీళ్ళ చెంబు అందిస్తూ.

నోటిదాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. లోపలి మూల నుంచి మూలుగు వినిపించింది. సకియుసా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, చెంపకి వేడి గుడ్డ. రెండు గొట్టాలు మింగితే ఒక పూట తగ్గిందట, తర్వాత మునుపటికన్నా ఎక్కువగా పొంగిందట. ఉనైసి చెబుతుంటే తరైవిని చేతిలోని గొట్టం వైపు చూసుకుంది. తన కాలి మందు తీసి ఇస్తే అతని పన్ను కూడా బాగుపడలేదు. ఇద్దరికీ చాలకుండా పోయింది. ఇప్పుడు ఎవరిదో ఇంకొకరి మందు తను మింగబోతోంది. నిండు డబ్బా ముందు పెట్టుకుని తనకి ఒక్క మాత్ర కూడా లేదు.

గొట్టం తిరిగి డబ్బాలో వేసింది. ఉనైసి వైపు చూడలేదు. గోడవైపు తిరిగి ఉన్న ఆ వీపు వైపు చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేరుగా మాట్లాడింది.

"అన్నయ్యా. కెరెకెరె. పడవ."

ఉనైసి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. మూలుగు ఆగింది. సకియుసా గోడవైపు నుంచి తిరగలేదు. జవాబు చెల్లెలికి కాదు, పెళ్ళానికి చెప్పాడు.

"తడవకుండా ఏదైనా కప్పుకోమను."

ఆ ప్రయాణం గురించి ముగ్గురూ తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కొండకొమ్ము దగ్గర పడవ గాలిలోకి లేచి పడుతుంటే సకియుసా వాచిన చెంపతో ఇంజను పట్టుకుని కూర్చున్నాడు, ఉనైసి నీళ్ళు తోడి పోస్తూనే ఉంది. ఆమె ఒళ్ళో, పైగుడ్డలో చుట్టి, ఆ డబ్బా ఉంది. ఏది దేనికో నర్సు చూసి చెబుతుందని తెచ్చుకుంది.

మెరెసెయిని అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది తరైవినికి. సూది వేసి, పట్నం ఆసుపత్రికి రేడియోలో మాట్లాడి, కాలు ఎత్తుగా పెట్టించాక, అప్పుడు డబ్బా వైపు తిరిగింది. కొన్ని గొట్టాలు చేతిలో పోసుకుని చూసింది.

"ఇవి ఒకటి కాదు అత్తా, మూడు రకాలు. మీరిచ్చిన మందుని, అది ఒంటికి పడని మనిషి మింగి ఉంటే గొంతు వాచి ఊపిరి ఆగిపోయేది. ఈ గాలిలో మీ పడవ కొండకొమ్ము కూడా దాటేది కాదు."

ఉనైసి తలుపు పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఎన్నేళ్ళుగానో ఎంతమందికో తన చేత్తో పెట్టింది. ఎవరెవరి మొహాలు గుర్తొచ్చాయో గానీ ఆ రోజు ఆమె నోటి నుంచి ఒక్క వేళాకోళం రాలేదు. డబ్బా నర్సు దగ్గరే ఉండిపోయింది, పారెయ్యాల్సిన పద్ధతిలో పారెయ్యడానికి. సకియుసా పన్ను చూసి, ఇది పీకాల్సిన పన్ను, మాత్రలతో పోయేది కాదని మెరెసెయిని అతన్ని కూడా పట్నం వెళ్ళే పడవ ఎక్కించింది.

పట్నంలో తరైవిని మంచం మీద పడుకుని చాలా రోజులు పైకప్పు చూసింది. చేతికి సెలైను. డాక్టర్లు మంచం చివర నిలబడి మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు. ఆ మాటల్లో "మోకాలు" అన్నది ఆమెకి వినిపించేది. ప్రతి ఉదయం కాలి మీద కొత్త గీత గీసేవాళ్ళు. కదలడానికి లేదు, అడగడానికి భయం. బల్ల ఎత్తెంత, తల్లి దాన్ని ఎలా పట్టుకుని లేచేది, అదే ఆలోచన. ఒక ఉదయం గీసిన గీత ముందురోజు గీతకి లోపల పడింది. తర్వాతి రోజు ఇంకా లోపల. కాలు దక్కింది. పిక్క కింద గుంటలాంటి మచ్చ ఒకటి మిగిలింది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఒక సంచీ ఇచ్చారు, ఖాళీ అయ్యేదాకా మింగాలని. దారిలో అవతలి ఊరి ఆసుపత్రి దగ్గర ఆగితే మెరెసెయిని ఆ సంచీ ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది మీది కాదత్తా. మీ కాలిది. మీది కానిది మీరెలా ఇస్తారు?"

కితియోనే పెద్దాయన పలకరించడానికి వచ్చాడు. కూర్చున్నాడు, నిమ్మాకు టీ అందుకున్నాడు, గాలి తగ్గిందన్నాడు. మెడ పుండు పెద్దదైంది, గుడ్డ కట్టి ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది, చూపు తరైవిని ఒళ్ళో ఉన్న సంచీ మీదికి పోయింది. అయిపోయాయి అనడానికి వీల్లేదు, అప్పుడే ఒకటి మింగబోతూ గ్లాసు పక్కన పెట్టుకుని ఉంది.

"ఇవ్వలేను మామయ్యా," అంది తరైవిని. "నర్సుకి చూపించండి. మీకేది కావాలో ఆ అమ్మాయి ఇస్తుంది."

పెద్దాయన సగం టీ అలాగే వదిలి, గ్లాసు చాప మీద పెట్టి లేచాడు.

మర్నాటి నుంచి ఆ గడప దగ్గర ఎవరూ కూర్చోలేదు. పెళ్ళి చాప ఇంకొకరి ఇంటికి మోసుకుపోయారు, నీకు విశ్రాంతి కావాలి కదా అని. వీధిలో నడిచి వెళితే తింటున్నవాళ్ళు గిన్నెల్లోకి చూసుకున్నారు. "రా, తిందువుగాని" అన్న పిలుపు లేదు. ఖాళీ కడుపుతో మందు మింగడం ఇప్పుడు ఎంత సులువో. అరటిచెట్ల చాటు అక్కర్లేదు, దాచనక్కర్లేదు. తలుపు మూసుకున్నా ఎవరూ బాదలేదు. ఉనైసి కూడా రాలేదు, డబ్బా సిగ్గో, పెదనాన్నకి ఎదురు వెళ్ళలేకో. తరైవిని నేల మీద కాళ్ళు మడిచి కూర్చుని ఒంటరిగా చిన్న చాప ఒకటి మొదలుపెట్టింది. కాలు బాగా మడత పడుతోంది. దానికోసమే కదా ఇదంతా అనుకుని, అల్లిందే విప్పి మళ్ళీ అల్లుతూ, వేళకి ఒక్కొక్కటీ మింగుతూ, అన్నీ పూర్తి చేసింది.

ఖాళీ సంచీ చేతిలో ఉండగానే గుమ్మంలో నీడ పడింది. ఉనైసి. లోపలికి రాలేదు, గడప దగ్గరే చతికిలబడింది, చూపు సముద్రం మీద పెట్టింది. పెదనాన్నని నిన్న మీ అన్నయ్య నర్సు దగ్గరికి తీసుకెళ్ళాడని, ఆయనకీ షుగరేనట, మందు వేరేదట అని గాలికి చెప్పినట్టు చెప్పింది.

"వదినా," అంది. "కెరెకెరె. ఇంత ఉప్పుంటే పెట్టు."

మొన్నటి ఓడలో ఉనైసి ఇంటికి ఉప్పు బస్తా దిగింది. దించుతుంటే తరైవిని ఈ కిటికీలోంచే చూసింది.

ఆమె లేచి, బల్ల పక్కనుంచి నడిచి, ఉప్పు జాడీ తెచ్చి, ఉనైసికి ఎదురుగా చాప మీద కాళ్ళు పక్కకి మడిచి కూర్చుంది. మరదలి దోసిట్లో ఉప్పు పోయడం మొదలుపెట్టింది. కళ్ళ నిండా నీళ్ళు, ఎంత పడుతోందో కనిపించడం లేదు.

"చాలు వదినా," అంది ఉనైసి. "నేనేం తిమింగలాన్ని ఊరేయడం లేదు."

తరైవిని పోస్తూనే ఉంది.